టైపు మాస్టారు తలెత్తి చూసిన రోజు

మా మేడమీద వాటాలో టైపు మాస్టారు కాపురముంటారు. ఆయన కూర్చోగా చూసినవాళ్ళు మా వీధిలో తక్కువ. పొద్దున లేచింది మొదలు గుమ్మం నుంచి వంటగది దాకా, వంటగది నుంచి గుమ్మం దాకా నడుస్తూనే ఉంటారు. కింద నా గదిలో కూర్చుని ఆ అడుగులు వింటే చాలు, పైన వాతావరణం ఎలా ఉందో చెప్పేస్తాను. చకచకా పడితే చేతినిండా పని ఉందని, మడమలు గట్టిగా పడితే మరదలితో మాట పట్టింపని, ఆగి ఆగి పడితే చెయ్యి వణుకుతోందని.

మాస్టారు నన్ను అక్కయ్యగారూ అంటారు. అందుకని ఆయన భార్య నాకు మరదలు, నేను ఆవిడకి వదినగారు. చుట్టరికం అంతకంటే ఏమీ లేదు. నాది అయిదో తరగతి చదువు. కాని పక్కింట్లో ఏం జరుగుతోందో తెలియకపోతే ముద్ద దిగదు. ఆ జబ్బుకి మందు లేదని మా వాళ్ళంతా ఎప్పుడో వదిలేశారు. కాబట్టి ఈ సంగతి నేను రాయడమే న్యాయం, మొదటినుంచి చివరిదాకా దగ్గరుండి చూసిందాన్ని.

మాస్టారికి అరవై మూడేళ్ళు. సైకిలు షాపు మీద గదిలో ముప్పై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. ఎనిమిది మిషన్లు, ఎనిమిది స్టూళ్ళు, గోడకి గడియారం, ఆయన చేతిలో చెక్క స్కేలు. ఆయన సూత్రం ఒక్కటే: కళ్ళు కాపీ మీద. చూసి కొట్టాల్సిన కాగితాన్ని కాపీ అంటారు. వేళ్ళ వంక చూస్తే స్కేలు దెబ్బ, మిషనులో కాగితం వంక చూసినా దెబ్బే. “తప్పు పడితే పడనీ. చూస్తే పోతుందా? చూడ్డమే అసలు తప్పు” అనేవారు. నేనూ ఓ వారం వెళ్ళాను, పిల్లలు బడికి వెళ్ళిన వేళ. ఆ వారంలో నాకు వచ్చినవి ఎడమచేతి అక్షరాలు నాలుగు, కుడిచేతి మెటికల మీద దెబ్బలు రెండు.

మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. చాన్నాళ్ళు ఊరికే నడుస్తూ గడిపారు. ఏడాదిన్నర కిందట ఓ ఆఫీసువాళ్ళు ఇంటికే పని పంపడం మొదలుపెట్టారు. డెబ్భై ఏళ్ళనాటి జనన రిజిస్టర్లు. గొలుసుకట్టు రాత, చెదలు తిన్న అంచులు. ఒక్కో పేజీనీ ఫొటో తీసి పంపితే, తెర మీద ఎడమ పక్క ఫొటో, కుడి పక్క తెల్లకాగితం పెట్టుకుని టైపు చేసి పంపాలి. ఆ పని రాగానే ఆయన నడక మారిపోయింది. పేజీకీ పేజీకీ మధ్యే నడిచేవారు.

అంతలో కుడిచెయ్యికి వణుకు పట్టుకుంది. గ్లాసు పట్టుకుంటే తొణుకుతుంది, చొక్కా బొత్తాం పెట్టుకోబోతే తప్పుతుంది. విచిత్రమేమిటంటే అదే చెయ్యి మీటల మీద పెడితే, ఏడ్చే చంటిపిల్లని భుజాన వేసుకున్నట్టు, ఊరుకుంటుంది. డాక్టరు ఏవేవో చెప్పాడు గాని మాస్టారికి అర్థమైంది మాత్రం ఇంతే: టైపు చేస్తున్నంతసేపూ చెయ్యి తనది, ఆపితే తనది కాదు.

చిక్కల్లా మౌసుతో వచ్చింది. విండోని జరపాలన్నా, పక్కకి పెట్టాలన్నా, దాంతో పట్టుకుని లాగాలి. మాస్టారు లాగితే అది తెర అంచు దాటిపోయేది. చిన్నది చెయ్యబోతే మూసుకుపోయేది. రెండుసార్లు పూటంతా చేసిన పని దాచకుండానే మూసేశారు. ఆ ఆఫీసు సూపర్‌వైజరు ఫోను చేశాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, మరదలికి దువ్వెన ఇవ్వడానికి వెళ్ళాననుకోండి.

“మాస్టారూ, రెండు రిజిస్టర్లు సగంలో ఆగాయి. వచ్చే గురువారం పదింటికి మేం ఇక్కణ్ణించి మీ తెర చూస్తాం. అరగంటలో ఒక పేజీ, ఇరవై అయిదు లైన్లు, చేసి చూపించండి. పక్కన ఎవరూ సాయం చెయ్యకూడదు. కుదరకపోతే ఏమీ అనుకోకండి, ఇంకొకరికి ఇచ్చేస్తాం.”

“అలాగే సార్” అన్నారు మాస్టారు. చేతి సంగతి మాత్రం చెప్పలేదు.

ఫోను పెట్టగానే మరదలు అందుకుంది. “ఉన్న మాట చెప్పేసి మానెయ్యండి. ఎవరిని ఉద్ధరించాలని?”

“మానేసి?”

“మానేసి కూర్చోండి హాయిగా.”

“కూర్చుని ఈ చెయ్యి ఎక్కడ పెట్టుకోను?”

దువ్వెన ఇచ్చి వచ్చేశాను. ఆ రోజంతా నా నెత్తిమీద అడుగులు ఆగి ఆగి పడుతూనే ఉన్నాయి.

మర్నాడు ఆయన పాత శిష్యురాలు ఫోను చేసింది. ఇన్‌స్టిట్యూట్‌లో ఆఖరి బ్యాచి పిల్ల, ఇప్పుడేదో కంప్యూటర్ల పనిలో ఉంది. సంగతి విని పకపకా నవ్వింది.

“మాస్టారూ, మీరు మౌసు పట్టుకోవడమేంటండీ! టైపు చేస్తే విండోలు కదిలే చిన్న ప్రోగ్రాం ఉంది. ఒక్క లైను కొడితే దిగుతుంది. ఏ విండో ముందుకి రావాలో, ఏది ఎంత వెడల్పుండాలో, అన్నీ మీటల మీదే.”

“మౌసు అక్కర్లేదా?”

“దాన్ని తీసి బయట పారేసినా ఫర్వాలేదు.”

మాస్టారు మౌసుకి రుమాలు కప్పేశారు. ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు మీటలు చూడకుండా వాళ్ళ చేతులకి కప్పే రుమాలులాంటిదే.

దింపుకోవడం నేను చూశాను. నల్లటి తెర ఒకటి తెరిచారు. అందులో బొమ్మలుండవు, అక్షరాలే. ఆ అమ్మాయి ఫోనులో ఒక్కో అక్షరం చెబుతుంటే మాస్టారు కళ్ళు మూసుకుని కొట్టారు. ఆ తెర పాస్‌వర్డ్ అడిగింది. ఆయన కొడుతున్నారు గాని తెర మీద చుక్క కూడా పడటంలేదు.

“ఆగండాగండి, మీటలు చచ్చిపోయాయి!” అన్నాను.

“అది అంతే పెద్దమ్మా, పాస్‌వర్డ్ కనపడదు” అంది ఫోనులో అమ్మాయి. వీధిలో నన్నందరూ పెద్దమ్మే అంటారు, ఆ పిల్లకి ఎవరు చెప్పారో.

“కనపడకపోతే మాస్టారికి బెంగలేదు. ఆయన చూడరుగా” అన్నాను. మరదలు కిసుక్కున నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

తీరా దిగాక, ముందుకి రమ్మంటే ఒక్క విండో కదల్లేదు. రెండుసార్లు కొట్టారు, మూడుసార్లు కొట్టారు. లేచి గదంతా తిరిగారు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, కంప్యూటరులోకి అడుగుపెట్టేటప్పుడు కొత్త పద్ధతి, పాత పద్ధతి అని రెండుంటాయని, కొత్త పద్ధతిలో విండోలు బయటివాళ్ళ మాట వినవని, బయటికొచ్చి పాత పద్ధతిలో మళ్ళీ వెళ్ళమని చెప్పింది.

“కొత్తవాళ్ళు మాట వినరని చెప్పడానికి ఇంత చదువు కావాలా?” అంది మరదలు.

పాత పద్ధతిలో వెళ్ళి మళ్ళీ కొట్టారు. ఫొటో ఉన్న విండో ఒక్క ఉదుటున ఎడమ పక్కకి వెళ్ళి అతుక్కుంది. ఎవరూ ముట్టుకోలేదు! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మాస్టారు పెన్సిలు తీసుకుని లెక్కలు మొదలుపెట్టారు. తెర వెడల్పెంత, అందులో సగమెంత, పైనుంచి ఎంత వదలాలి. టైపు పరీక్షల్లో పట్టికలు కొట్టేటప్పుడు ఇలాగే గళ్ళు లెక్కపెట్టుకునేవారట. అరగంటలో రెండు విండోలూ పరిచిన నాపరాళ్ళలా పక్కపక్కన సర్దుకున్నాయి. నేను కిందికి వచ్చాక ఆ పూటంతా అడుగులు లేవు. నాకే ఏదోలా అనిపించి పైకి వెళ్ళి చూస్తే, మాస్టారు కూర్చుని ఉన్నారు!

ఆ ప్రోగ్రాం తెరిచి ఉన్న ప్రతి విండోకీ ఒక పొడుగాటి నంబరు ఇస్తుంది. ఆ నంబరు చెబితే ఆ విండో ముందుకొస్తుంది. మాస్టారు ఫొటో నంబరు, కాగితం నంబరు అట్టముక్క మీద రాసి గోడకి అంటించారు. రెండు కమాండ్లూ ఒక చోట కట్టి, దానికి చిన్న పేరు పెట్టి, ఆ ఒక్క మాట కొడితే ఫొటో ఎడమకీ కాగితం కుడికీ సర్దుకుని, కాగితం మీద టైపు మొదలుపెట్టేలా చేసుకున్నారు. కొత్త పేజీ వచ్చినప్పుడల్లా ఆ మాట కొడితే సరి.

మంగళవారం పొద్దున రిహార్సలు. గడియారం పట్టుకుని నన్ను కూర్చోబెట్టారు. “మొదలు” అన్నాను. ఆయన ఆ ఒక్క మాటా కొట్టారు, కళ్ళు కాపీ మీద పెట్టారు. ఇక వేళ్ళు వాన కురిసినట్టు. నల్ల తెర మీద తెల్లక్షరాలు గబగబా పైకి పాకిపోతున్నాయి. పని అంటే ఇలా ఉంటుంది కాబోలని నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆఖరి లైను కొట్టి తలెత్తారు.

“ఎంతసేపు?”

“ఇరవై ఎనిమిది నిమిషాలు!” అన్నాను గొప్పగా.

తెర వంక చూసిన మనిషి చూసినట్టే ఉండిపోయారు. కుడి పక్క కాగితం తెల్లగా ఉంది. ఇరవై అయిదు లైన్లూ నల్ల తెరలోకి పోయాయి. అది ప్రతి లైనుకీ జవాబు కూడా ఇచ్చింది. డెబ్భై ఏళ్ళ కిందట పుట్టిన ఒక్కొక్క బిడ్డనీ చదివి, ఇలాంటి కమాండు నాకు తెలియదు, ఇలాంటి కమాండు నాకు తెలియదు, అని.

సంగతేమిటంటే, రాత్రి మరదలు కరెంటు దండగని కంప్యూటరు ఆపేసింది. విండో మూసి మళ్ళీ తెరిస్తే నంబరు మారిపోతుందట, ఆస్పత్రిలో చీటీ నంబర్లలాగ. పొద్దున మాస్టారు ఫొటోని పెన్సిలు లెక్క ప్రకారం తనే కమాండు కొట్టి సర్దుకున్నారు గాని, ఆ ఒక్క మాటలో కట్టిన కాగితం నంబరు గోడ మీదున్న నిన్నటిదే. ఆ నంబరు విండో దొరక్కపోతే ఆ ప్రోగ్రాం అరవదు, గోల చెయ్యదు. నోరు మూసుకుని ఊరుకుంటుంది. ఇంకెవరైనా అయితే మొదటి మాటకే చూసుకునేవారు. ముప్పై ఏళ్ళు చూడొద్దని స్కేలు పుచ్చుకు నేర్పిన మనిషి ఇరవై ఎనిమిది నిమిషాలు చూడకుండా కొట్టారు.

“మీరు చూస్తున్నారుగా అక్కయ్యగారూ!” అన్నారు.

“నాకేం తెలుసు నాయనా? అక్షరాలు పడుతుంటే పడుతున్నాయనుకున్నా.”

ఆయన ఒక లైను కొట్టారు. ఆ ప్రోగ్రామే తీసేశారు. దింపడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు. గోడ మీది అట్టముక్క చించి జేబులో కుక్కుకున్నారు. ఆ చెయ్యి జేబులో కూడా ఊరుకోలేదు, పైకి తెలుస్తోంది. గుమ్మం దాకా, వంటగది దాకా, గుమ్మం దాకా. మరదలి ముఖం చూస్తే, “నేనాపకపోతే బాగుండేది” అన్నట్టుంది గాని, నోటితో మాత్రం, “పోనిద్దురూ, దేవుడే మానెయ్యమన్నాడు” అంది.

నాకు కిందికి వెళ్ళబుద్ధి కాలేదు. ఊరుకోలేక అడిగాను. “మాస్టారూ, ఆ పాత మిషన్లకి లైను చివర గంట ఉండేదిగా, టింగుమని? దీనికి లేదూ?”

ఆయన నడక ఆగింది.

“దీనికెందుకు గంట? లైను తనే తిరుగుతుంది.”

“లైనుకి కాదయ్యా. విండో దొరక్కపోతే కొట్టమనండి. చూడనివాళ్ళకి వినపడాలిగా.”

మాస్టారు నా వంక ఎలా చూశారంటే, నా మెటికలు భద్రంగా ఉన్నాయా అని చూసుకున్నాను. తరవాత ఫోను అందుకున్నారు. శిష్యురాలు అంతా విని, నంబరుతో కాకుండా విండో పేరుతో పిలవమంది. నంబరు మారుతుంది గాని పేరు మారదు. పేరులో ఒక ముక్క చెప్పినా చాలు. దొరక్కపోతే గంట మోగించడానికి ఇంకో చిన్న లైను. “ఈ ఆలోచన ఎవరిది మాస్టారూ?” అని అడిగింది. “ఉన్నారులే, పెద్ద ఇంజనీరు” అన్నారాయన. ఆ మాటతో నాకు రెండు రోజులు ఆకలి లేదు.

ప్రోగ్రాం మళ్ళీ దింపారు. బుధవారమంతా గంటలే. కావాలని తప్పు పేరు కొట్టి టింగు, సరైన పేరు కొట్టి నిశ్శబ్దం. కింద వింటూ నేనూ లెక్కపెట్టాను. సాయంత్రానికి టింగులు తగ్గాయి, అడుగులు తగ్గలేదు.

గురువారం పదింటికి పది నిమిషాల ముందే నేను పైకి చేరాను. సాయం చెయ్యకూడదన్నారు గాని చూడకూడదనలేదుగా. గుమ్మం దగ్గర ముక్కాలిపీట వేసుకున్నాను. “ఒక్క అక్షరం పలికినా బయటికి పంపిస్తాను” అన్నారు మాస్టారు. మరదలు కంప్యూటరు ప్లగ్గు దగ్గర, స్విచ్చుకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని కాపలా నిలబడింది. సోమవారం రాత్రి చేసిన పాపం అలా కడుక్కుంటోంది.

ఫోను పెద్దగా వినపడేలా పెట్టారు. సూపర్‌వైజరు గొంతు. “ఫొటో పంపించాం మాస్టారూ. టైపు చెయ్యడానికి కాగితం కూడా మాదే పంపించాం, అందులోనే కొట్టండి. రెండూ తెరుచుకున్నారా? సరే, మొదలు.”

కాగితం కూడా వాళ్ళదేనని అనగానే నేను పీట మీంచి సగం లేచాను. మాస్టారు పిలిచేది తన కాగితం పేరు. వాళ్ళ కాగితం పేరేమిటో ఎవరికి తెలుసు? మాస్టారికి తట్టిందో లేదో. తట్టలేదు. ఆ ఒక్క మాటా కొట్టారు. ఫొటోలు ఎప్పుడూ వాళ్ళవే కాబట్టి, పేరు ముక్క కలిసి ఫొటో ఎడమకి వెళ్ళింది. కళ్ళు కాపీ మీదికి వెళ్ళాయి. వేళ్ళు మొదటి మాట మీద పడ్డాయి.

టింగ్!

మాస్టారి ఎడమచెయ్యి మీటల మీంచి లేచి, గాలిలో ఎడమకి వెళ్ళి, అక్కడ లేని మీటని పట్టుకుని కుడికి తోసింది. పాత మిషనులో గంట మోగితే, కాగితం చుట్టి ఉండే బండిని వెనక్కి తోసే మీట అది. తోసిన చెయ్యి గాలిలోనే ఆగింది. అప్పుడు తలెత్తారు.

నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను. చెప్పాలని నా ప్రాణం గిలగిల్లాడిపోయింది. మరదలు స్విచ్చు మీద చెయ్యి ఇంకా గట్టిగా నొక్కింది. ఆన్ అయి ఉన్న స్విచ్చుని నొక్కితే ఏమవుతుందోనని నాకు అదో భయం.

మాస్టారు తెర వంక చూస్తూ, నిజంగా చూస్తూ, తెరిచి ఉన్న విండోల జాబితా అడిగారు. అయిదు పేర్లు వచ్చాయి. నాలుగోది వాళ్ళ కాగితం. తన కమాండులో పాత పేరు చెరిపి కొత్త పేరు కొట్టబోతే చేతివేలు జారింది, మళ్ళీ టింగు. గోడ మీద ముల్లు రెండు నిమిషాలు దాటింది. మళ్ళీ జాబితా, మళ్ళీ పేరు. ఈసారి గంట లేదు. కాగితం కుడి పక్కకి వచ్చి నిలబడింది. మూడు నిమిషాలకి పైనే పోయింది.

ఆ తరవాత వేళ్ళ చప్పుడు ఒకటే. కాని నేను కొత్త సంగతి చూశాను. ప్రతి లైను చివరా ఆయన కళ్ళు కాపీ మీంచి ఒక్కసారి కుడికి వెళ్ళి, అక్షరాలు పడుతున్నాయో లేదో చూసి, వెనక్కి వస్తున్నాయి. దొంగచాటుగా, ఎవరో స్కేలు పట్టుకుని వెనక నిలబడ్డట్టు.

“టైమయింది” అన్నాడు సూపర్‌వైజరు. ఇరవై మూడు లైన్లయ్యాయి. రెండు మిగిలాయి.

అతను లైను లైనూ సరిచూసుకున్నాడు కాబోలు. “తప్పొక్కటీ లేదు మాస్టారూ. కాని రెండు లైన్లు తగ్గాయి. మొదట్లో ఆ నల్ల తెరేంటి? మౌసు ఒక్కసారి కూడా కదల్లేదేం?”

మాస్టారి చేతులు మీటల మీంచి దిగి ఒళ్ళోకి వచ్చాయి. కుడిచెయ్యి మొదలుపెట్టింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నారు. మరదలి వంక చూశారు. ఆవిడ తల దించుకుంది.

“చెయ్యి వణుకుతుంది సార్. మౌసు పట్టుకోలేను. మీ రెండు రిజిస్టర్లూ అందుకే ఆగాయి. మీటల మీద మాత్రం వణకదు. అందుకని విండోలు కూడా మీటలతోనే జరుపుకునే ఏర్పాటు చేసుకున్నాను. ఇవాళ మీ కాగితం పేరు ముందు తెలియక మూడు నిమిషాలు పోయాయి. ఇకమీద ముందు పేరు చూసుకుని కొడతాను.”

“ముందే చెప్పాల్సింది మాస్టారూ.”

“చెప్పాల్సింది సార్.”

“పైవాళ్ళతో మాట్లాడి శనివారం చెబుతాను.”

శుక్రవారం మా ఇంటి పైకప్పు ఏమైపోతుందో అనుకున్నాను. గుమ్మం, వంటగది, గుమ్మం. నాకూ నిద్రలేదు. రెండుసార్లు పైకి వెళ్ళి, ఒకసారి సూది అడిగాను, ఒకసారి అదే సూది తిరిగిచ్చాను. మరదలు సూది అందుకుని డబ్బాలో పెట్టింది. “మానెయ్యండి” అనే మాట మాత్రం అనలేదు. ఆ మాట ఆవిడ నోట లేకపోవడం నేను ఏడాదిలో మొదటిసారి విన్నాను.

శనివారం పదకొండింటికి ఫోను మోగింది. అడుగులు ఆగిపోయాయి. నేను మెట్ల దాకా వెళ్ళి, వెళ్ళకూడదని, మెట్టు మీదే నిలబడ్డాను. ఏమీ వినపడలేదు. తరవాత మరదలు పైనుంచి తొంగిచూసింది.

“రండి వదినగారూ, అక్కడ నిలబడి మోకాళ్ళు నొప్పెట్టించుకోకండి. సగం పనే ఇస్తారట. సగం ఇంకొకరికట. నెల చూసి మిగతాది.”

“మాస్టారేమన్నారు?”

“ఏమంటారు? సగం చేతికి సగం పని, లెక్క సరిపోయిందన్నారు.”

పైకి వెళ్ళేసరికి మాస్టారు కంప్యూటరు ముందు కూర్చుని, ఆ ఆఫీసువాళ్ళు పంపే కాగితాలన్నిటికీ ఏయే పేర్లుంటాయో ఫోనులో అడిగి రాసుకుంటున్నారు. పెన్సిలు పట్టుకున్న చెయ్యి వణికి అక్షరాలు వంకరపోతున్నాయి. రెండు పేర్లు రాసి పెన్సిలు పారేసి, టైపు చేసుకోవడం మొదలుపెట్టారు. నేను వెనక నిలబడితే తల తిప్పలేదు. లైను చివర మాత్రం కళ్ళు తెర మీదికి వెళ్ళాయి.

“చూస్తున్నారే మాస్టారూ!” అన్నాను, ముప్పై ఏళ్ళ బాకీ తీర్చుకుంటూ. బల్ల మీద చెక్క స్కేలుంది. చేతిలోకి తీసుకున్నాను కూడా.

“కొట్టండి అక్కయ్యగారూ” అన్నారాయన, టైపు ఆపకుండా. “కాని మెటికల మీద వద్దు. లైను పోతుంది.”